ప్లగ్గు తిప్పి పెడితే షాక్ పోయినట్టు కాదు

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన ఏడాది డాబా మీద అమ్మానాన్నల కోసం రేకుల గది వేశాం. ఖర్చు కలిసొస్తుందని కరెంటు పని వీడియోలు చూసి నేనే చేసుకున్నాను. కింద హాల్లో ఉన్న సాకెట్‌లో టూ పిన్ ప్లగ్గు పెట్టి, 0.75 చదరపు మిల్లీమీటర్ల టూ కోర్ (లోపల రెండు తీగలే ఉండే) వైరు పైకి తీసుకెళ్లాను. మధ్యలో వైరు చాలకపోతే ఒకచోట అతుకు వేసి టేపు చుట్టాను. గాలికి ఊగకుండా బట్టల దండెం తీగకు చుట్టేశాను. పైన లైటు, ఫ్యాను, లోకల్‌గా చేయించిన ఇనుప కూలర్ ఉన్నాయి. ఈ మధ్యే ఇండక్షన్ స్టవ్ కూడా పెట్టాం. మొదట్లో కింద ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే పడిపోయి లైను ఆపే స్విచ్) మాటిమాటికి పడిపోయేది. 10 ఆంపియర్లది తీసి 32ది వేశాక ఆ సమస్య లేదు.

ఇప్పుడు రెండు ఇబ్బందులు. పైన గదిలో ఎల్ఈడీ బల్బు స్విచ్ ఆపినా మసకగా వెలుగుతోంది. అది కూడా ఒక్కో రోజు వెలుగుతుంది, ఒక్కో రోజు వెలగదు. కింద ఇస్త్రీ చేసుకునేటప్పుడు హాల్లో ఉన్న ఆ టూ పిన్ ప్లగ్గు పీకి మళ్లీ పెడుతుంటాం. రెండోది, కూలర్ ముట్టుకుంటే అమ్మకు జివ్వుమంటోంది. కూలర్ ప్లగ్గు తిప్పి పెడితే తగ్గుతోంది. ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) లేదు కాబట్టి ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తే సరిపోతుందని మిత్రుడు చెప్పాడు. మా ఆవిడేమో ఎలక్ట్రీషియన్‌ను పిలిచేదాకా ఏదీ ముట్టుకోవద్దంటోంది. ఇవి నేనే సరిచేసుకునే పద్ధతి చెప్పగలరా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఇది చదవడం ఆపి కింద హాల్లో ఆ ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి మళ్లీ ఎవరూ పెట్టకుండా దాచేయండి. దండెం మీద బట్టలుంటే ప్లగ్గు పీకిన తర్వాతే తీయండి. అమ్మానాన్నలకు, పిల్లలకు, మీ ఆవిడకు ఆ సంగతి చెప్పండి. ఆ తర్వాత మిగతాది చదువుదురుగాని.

మీరు రెండు ఇబ్బందులు రాశారు. నన్ను భయపెట్టింది మాత్రం మీరు ఇబ్బంది అని కూడా అనుకోకుండా రాసిన మూడో ముక్క. కరెంటు వైరును దండెం తీగకు చుట్టానన్నారు. దండెం రోజూ కదులుతుంది. తడి బట్టలు వేస్తే కుంగుతుంది, తీస్తే లేస్తుంది, గాలికి ఊగుతుంది. వైరు మీదున్న ప్లాస్టిక్ తొడుగు ఎండకు గట్టిపడి పెళుసుబారుతుంది. ఇనుప తీగ దాన్ని ఒకే చోట రోజూ కొద్దికొద్దిగా కోస్తుంది. కంటికి ఏమీ కనపడదు.

చాలా ఏళ్ల కింద పరకాల వైపు ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. ప్రమాదం అయిపోయాక వైరింగు చూడటానికి నన్ను పిలిచారు. పెంకుటింటి ముందు వేపచెట్టుకూ గోడ మేకుకూ మధ్య దండెం. దాని వెంబడే బాత్రూమ్ బల్బుకు వెళ్లే వైరు. మెయిన్ తీసేసి, వైరును వేళ్లతో తడుముకుంటూ పోయాను. చెట్టుకు జానెడు దూరంలో, గోరుతో గిల్లినంత చిన్న గాటు. అందులో రాగి మెరుస్తోంది. అంతే. ఆ గాటు మీద తొలకరి చినుకు పడింది. ఆ ఇంటి పెద్దావిడ తడి చీర ఆరేసింది. ఆమెను లాగబోయి కొడుకూ అతుక్కున్నాడు. పక్కింటాయన ఉరికి వెళ్లి మీటరు దగ్గర ఫ్యూజు పీకితే కొడుకు దక్కాడు. ఆమె దక్కలేదు. ఆ ఇంట్లో బల్బు ఏళ్ల తరబడి చక్కగా వెలిగింది. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

మన జిల్లాల్లో వానాకాలం మొదలైందంటే దండెం షాక్ వార్త పేపర్లో చదవని ఏడాది నాకు గుర్తులేదు. రోహిణి కార్తె ఎండలకు బీటలిచ్చిన వైరు, మృగశిర చినుకులకు తడుస్తుంది. కాబట్టి ఆ వైరును దండెం నుంచి విప్పి మళ్లీ ఎక్కడో కట్టుకోవడం గురించి ఆలోచించకండి. అది ఇక పనికిరాదు. దండేనికి నైలాన్ తాడు కట్టండి.

ఎవరైనా అలా అతుక్కుంటే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. కరెంటు మనిషిని గుంజుకుంటుందంటారు కదా, నిజానికి కండరాలు బిగుసుకుపోయి చెయ్యి విడవదు. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే చాలామందికి ఆ పరిస్థితి వస్తుంది. పట్టుకుని లాగబోయినవాళ్ల గతీ అదే. ముందు మెయిన్ ఆపాలి. అది అందుబాటులో లేకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని విడిపించాలి. 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా.

ఇక మీ బల్బు సంగతి. ఒక్కో రోజు వెలుగుతుంది, ఒక్కో రోజు వెలగదు అని రాశారే, జబ్బేమిటో ఆ మాటే చెప్పేస్తోంది. కరెంటు తెచ్చే తీగ ఫేజ్, అది తిరిగి వెళ్లే తీగ న్యూట్రల్. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ తీగను తెంచాలి. అప్పుడే స్విచ్ ఆపాక బల్బు దగ్గర కరెంటు ఉండదు. మీ టూ పిన్ ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా సాకెట్‌లో పడుతుంది. ఇస్త్రీ అయ్యాక సరిగ్గా పెట్టిన రోజు పైన స్విచ్ ఫేజ్‌ను తెంచుతోంది. తిరగేసి పెట్టిన రోజు న్యూట్రల్‌ను తెంచుతోంది. ఆ రోజు స్విచ్ ఆపినా ఫేజ్ హోల్డర్ దాకా వచ్చి కూర్చుంటుంది. పక్కపక్కనే నడిచే తీగల మధ్య నుంచి, గోడ చెమ్మలోంచి ఎంతో కొంత దారి వెతుక్కుంటుంది. ఎల్ఈడీకి ఆ కాస్తే చాలు, మసకగా వెలుగుతుంది. పాత బుడ్డ బల్బు అయితే మీకు ఈ సంగతే తెలిసేది కాదు.

మసక వెలుగు పోవడానికి బల్బులో కెపాసిటర్ పెట్టమనీ, ఇంకేదో చేయమనీ వీడియోల్లో చెబుతారు. వెలుగు పోతుంది. హోల్డర్‌లో ఫేజ్ మాత్రం పోదు. స్విచ్ ఆపాను కదా అని మీ నాన్న ఇనుప మంచం మీద నిలబడి ఆ బల్బు విప్పే రోజును తలుచుకోండి. ఇండికేటర్ ఉన్న స్విచ్ వల్ల కూడా బల్బు అలా మినుకుమినుకుమనడం ఉంది, అందులో పెద్ద ప్రమాదం లేదు. కానీ మీ ఇంట్లో జరుగుతున్నది అది కాదని ఆ ప్లగ్గే చెబుతోంది.

కూలర్ కథ కూడా ఆ కోవలోదే. లోపల పంపులో చుట్టిన తీగో, మోటారు వైరో తడిసి ఇనుప బాడీకి కరెంటు లీకవుతోంది. ప్లగ్గు తిప్పినప్పుడు లీకైన చోటు న్యూట్రల్ వైపు పడుతుంది కాబట్టి అమ్మకు తెలియడం లేదు. ఇది మన ఇళ్లల్లో తరతరాల చిట్కా. మా అమ్మ కూడా అంతే చేసేది. లీకు అక్కడే ఉంటుంది, రోజురోజుకూ పెరుగుతుంది. ఆ కూలర్‌ను మెకానిక్ చూసి పంపు మార్చేదాకా ఏ ప్లగ్గులోనూ పెట్టకండి. బాగు చేయించాక కూడా నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకే పోయాలి.

మీ మిత్రుడి సలహా దగ్గరికి వస్తున్నాను. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలపకండి. నేను ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెబుతున్నాను. మామూలు ఇంట్లోనే అది ప్రమాదం. ఎక్కడో న్యూట్రల్ తెగిందనుకోండి, ఫ్యాను ఆన్‌లో ఉంటే ఆ ఫ్యాను గుండా వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి లేక కూలర్ బాడీ మీదికి వస్తుంది. మీ ఇంట్లో న్యూట్రల్ తెగాల్సిన పని కూడా లేదు. ఇస్త్రీ అయ్యాక కింద ఎవరో ప్లగ్గు తిరగేసి పెడితే చాలు, మీరు న్యూట్రల్ అనుకున్నదే ఫేజ్ అవుతుంది. కూలర్ ఒళ్లంతా నేరుగా 230 వోల్టులు. ఇప్పుడు జివ్వుమంటున్నది అప్పుడు పట్టుకుని వదలదు. కిందున్నది మీ ఆవిడ, పైనున్నది అమ్మ. ఒకరికొకరు కనపడరు కూడా.

ఊళ్లల్లో దీనికి తిరగేసిన పద్ధతి ఇంకొకటి ఉంది. న్యూట్రల్ పోతే నేలలో కడ్డీ పాతి ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడతారు. బల్బులు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ ఎర్త్ తీగ ఊడిన రోజు దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లే న్యూట్రల్ అవుతారు. మీకెవరైనా అలా చెప్పినా వినకండి.

మీరు లెక్కల సారు కాబట్టి ఎంసీబీ సంగతి అంకెల్లోనే చెబుతాను. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. కూలర్, ఫ్యాను కలిస్తే 10కి దగ్గర పడుతుంది. మీరు వేసిన 0.75 వైరు మోయగలిగేది దాదాపు 7. మామూలు టూ పిన్ ప్లగ్గు 6 ఆంపియర్లది. పైగా ఆ లైను మీదే హాలు కూడా నడుస్తోంది. అందుకే 10 ఆంపియర్ల ఎంసీబీ పడిపోయింది. మొత్తం ఇంట్లో తన పని తాను సరిగ్గా చేసింది అదొక్కటే. దాన్ని తీసేసి 32ది పెట్టారు. ఇప్పుడు 7 ఆంపియర్ల వైరులో 20, 25 ప్రవహించినా అది కదలదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. ఎంసీబీ ఉన్నది గోడలో వైరును కాలిపోకుండా కాపాడటానికి. అది పడిపోతోందంటే ఎందుకో చూడాలి. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో సన్న తీగ కాలిపోతోందని రాగి పోగులు రెండు మూడు మెలేసి పెట్టేవాళ్లు చూడండి, 32 ఎంసీబీ దానికి కొత్త రూపం.

అతుకు దగ్గర టేపు రంగు మారిందేమో మీరు రాయలేదు. ప్లగ్గు పీకాక వెళ్లి చూడండి. నల్ల టేపు ముడుచుకుపోయి, బంక కారి, దగ్గరికెళితే కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుందని నా అనుమానం. చేత్తో మెలేసిన అతుకు కొన్నాళ్లకు వదులవుతుంది. అక్కడ అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, స్టవ్ నడిచినంత సేపూ దగ్గర దగ్గర 38 వాట్ల వేడి ఆ అంగుళం మేర పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. దానికంటే ఎక్కువ వేడి పుట్టించేది టేపులో చుట్టి, రేకుల కింద, దండేనికి కట్టి ఉంచారన్నమాట. ఈ వేడిని ఏ ఎంసీబీ పసిగట్టలేదు.

ఇక ఎర్త్. మనది ఓరుగల్లు, ఏకశిలా నగరం. పేరులోనే రాయి ఉంది. హనుమకొండలో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే గట్టి రాయే తగులుతుంది. రాతినేలలో ఎర్త్ అంత సులువుగా దొరకదు, ఎండాకాలం గుంత ఎండితే ఇంకా తగ్గిపోతుంది. మీ ఎర్త్ నిరోధం 20 ఓములు ఉందనుకోండి. కూలర్ బాడీకి పూర్తిగా ఫేజ్ తగిలినా నేలలోకి పోయేది 11.5 ఆంపియర్లు. మీ 32 ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. 16ది కూడా పడదు. బాడీ అలా కరెంటుతోనే ఉండిపోతుంది. అందుకే మన ఊళ్లో ఎర్త్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు, ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

ఆర్‌సీసీబీ అంటే ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని కనిపెట్టి చూసే పెట్టె. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వాడాలి. అంత తేడా వస్తే 0.3 సెకన్లలోపే లైను తెంచేస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలగడానికి దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే ఒక బల్బుకు పట్టేంత కరెంటు కూడా మనిషి ఒంట్లోంచి ఎక్కువసేపు పోనివ్వదు. మీ 32 ఎంసీబీ పడాలంటే ఆ 40 మిల్లీ ఆంపియర్లకు 800 రెట్లకు పైనే కావాలి. ఈ రెండు అంకెలు మీ బోర్డు మీద పక్కపక్కన రాసుకోండి, పిల్లలకు కూడా చెప్పండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కాలి. పడకపోతే మార్పించాలి.

మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం కూడా పాత బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ తీసి అలాంటిదే మరొకటి పెట్టుకోవడం వరకే ఇంటివాళ్ల చేతిలో ఉంది. కొత్త లైను లాగడం, లోడు పెంచడం లైసెన్సున్న కాంట్రాక్టరు చేయించాలి, చేసేవాళ్లకు పర్మిట్ ఉండాలి. వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. మంచి పనివాడు దానికి నొచ్చుకోడు.

వచ్చినవాళ్లు ఏం చేయాలో మీకు తెలిసుంటే మంచిది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఎంసీబీలుండే పెట్టె) నుంచే పైగదికి విడిగా లైను రావాలి. ఎక్కడా సాకెట్ నుంచి తీయకూడదు. లైట్లకు ఒకటిన్నర వైరు, స్టవ్, కూలర్ల సాకెట్లకు రెండున్నర వైరు, ప్రతి సాకెట్‌కూ ఆకుపచ్చ ఎర్త్ తీగ. మొత్తం పైపులో నడవాలి, రేకు అంచును ఎక్కడా ఒరుసుకోకూడదు. రేకులకూ, గది ఇనుప ఫ్రేముకూ ఎర్త్ కలపమని చెప్పండి, దీన్ని చాలామంది మర్చిపోతారు. రెండున్నర వైరుకు 16 ఆంపియర్ల ఎంసీబీ, లైట్లకు 6ది, కింద హాలుకు మళ్లీ పాత 10ది. బోర్డులో ఆర్‌సీసీబీ. పెరట్లో ఎర్త్ గుంత, దానికి ఎండాకాలంలో రోజూ ఒక బిందె నీళ్లు. వైరు మీద ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. వరంగల్ చౌరస్తా షాపుల్లో రెండు రకాలూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, తక్కువ ధరది చేతిలోకి తీసుకుంటే బరువులోనే తేడా తెలుస్తుంది. పని అయ్యాక ఎర్త్ ఎన్ని ఓములొచ్చిందో మీటరుతో కొలిచి చూపించమనండి. కంటిచూపుతో బాగుందంటే ఒప్పుకోకండి.

మీటరు దగ్గరా, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గరా ఎవరినీ చేయి పెట్టనివ్వకండి, మీ ఎలక్ట్రీషియన్‌ను కూడా. ఆ పని విద్యుత్ శాఖది, 1912కు ఫోన్ చేస్తే వస్తారు. 2023 జులై వానలకు మన కాలనీలు మునిగినప్పుడు నీళ్లు తీశాక చాలామంది తడి బోర్డుల మీదే మెయిన్ ఆన్ చేశారు. మీ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్లొస్తే, బోర్డు ఆరి, ఎవరైనా పరీక్షించి చూసేదాకా చీకట్లోనే ఉండండి. దసరాకు, బతుకమ్మకు గేటుకు సీరియల్ లైట్లు కట్టే అలవాటుంటే ఇనుప గేటుకు కాకుండా గోడకు కట్టండి.

మీరు ఖర్చు గురించి రాశారు. అది చిన్న విషయం కాదని నాకు తెలుసు, ప్రైవేటు స్కూలు జీతాలు ఎంతో కూడా తెలుసు. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఆర్‌సీసీబీ, ఎర్త్ చేయించండి, పైగది లైను వచ్చే నెల లాగించండి. ఈ వరస మాత్రం మార్చకండి. అప్పటిదాకా పైగదికి కరెంటు ఉండదు. ఇంత ఎండలో కూలర్ లేకుండా అమ్మానాన్నలు రేకుల కింద పడుకోలేరు. ఇవాళ రాత్రే వాళ్ల మంచాలు కిందికి దించి హాల్లో ఫ్యాను కింద వేయండి.